సర్కారు వారి తుమ్మ

సర్కారు బడి, సర్కారు దవాఖాన, సర్కారు బోరు, సర్కారు భూమి, సర్కారు తుమ్మ. సర్కారును ఇంటిపేరుగా పెట్టుకున్న ఈ అయిదింటిలో ఒక్క చివరిది తప్ప మిగతావన్నీ నిధుల కోసం నోరు తెరుచుకుని చూసేవే. తుమ్మకు ఆ దరిద్రం లేదు. నీళ్లు అడగదు, ఎరువు అడగదు, కాపలా అడగదు. బదిలీ కోసం ఎమ్మెల్యే గేటు ముందు నిలబడదు. నరికితే నాలుగు కొమ్మలు ఎక్కువేసుకుని మళ్లీ డ్యూటీకి వస్తుంది. దేశం మొత్తమ్మీద సర్కారు పేరు నిలబెట్టిన ఇంత నమ్మకమైన ఉద్యోగికి ఇన్నేళ్లలో ఒక్క శాలువా కప్పినవాడు లేడు. కప్పితే చిరుగుతుందన్న భయం కావచ్చు.

హైదరాబాదు నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే కనకమామిడి వస్తుంది. పేరులో మామిడి ఉంది, కనకమూ ఉంది. కనకాన్ని ఇప్పుడు గజాల లెక్కన అమ్ముతున్నారు. మామిడి ప్రహరీల లోపలికి పోయింది. ప్రహరీల బయట, వాగు ఒడ్డున, చెరువు శిఖంలో, అన్నదమ్ముల తగాదాలో పడ్డ చెలకలో, అమెరికాలో ఉన్న ఆసామి కొని మరిచిపోయిన ప్లాటులో ఉన్నది మాత్రం తుమ్మే. ఆ దారిన మేకలు తోలుకుపోయే ఏ అవ్వనైనా ఆపి "ఇది సర్కారు తుమ్మ కదా అవ్వా, సర్కారే పెట్టిందా?" అని అడిగి చూడండి. "సర్కారు పెడ్తె గింత ఏపుగ పెరుగుతదా సారూ?" అని మీ మొహం మీదే నవ్వుతుంది.

అవ్వ అనుభవం గట్టిదే గానీ ఈ ఒక్క విషయంలో చరిత్ర ఆమె పక్కన లేదు. నిజంగా సర్కారే పెట్టింది. కాగితం మీద, ఉత్తర ప్రత్యుత్తరాలతో, పద్ధతి ప్రకారం పెట్టింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో బెడ్డోమ్ అని అడవుల దొర ఉండేవాడు. ఫెర్నుల మీద పుస్తకాలు రాశాడు, పాములకు శాస్త్రీయ నామాలు పెట్టాడు, చదువుకున్నవాడే. మెట్ట నేలల్లో వంటచెరకు కరువైందని, దానికి జమైకా ద్వీపంలో ఒక మొండి చెట్టు ఉందని, విత్తనాలు తెప్పించాలని 1876లో రెవెన్యూ శాఖకు రాశాడు. 1877లో ఆ విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో నేలన పడ్డాయి. ఆ ఏడు కడప సీమ ఎలా ఉందో కొంచెం గుర్తు చేసుకోవాలి. ధాత కరువు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కూలికి వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టి కొలిపించింది ఆ ఏడాదే. మనిషికి పౌను కొలతన పోసిన సర్కారు, ముల్లుకు మాత్రం కొలతలేని నేల రాసిచ్చింది. నూటయాభై ఏళ్ల కింద మొదలైన పథకం. లబ్ధిదారు ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఇంత విజయవంతమైన పథకం ఆ తర్వాత మరొకటి వచ్చినట్టు నాకు తెలియదు.

ఆ తర్వాత దేశమంతా దీనికి ఎర్ర తివాచీ పరిచింది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని రాచచెట్టుగా ప్రకటించి, ప్రజలు నాటి కాపాడాలని హుకుం జారీ చేసింది. 1960ల మొదట్లో గుజరాత్ అటవీ శాఖ కచ్ఛ్‌లోని బన్నీ గడ్డి మైదానంలో ఉప్పు ఎడారి ముందుకు రాకుండా దీన్ని నాటించింది. ఎడారి సంగతేమో గానీ గడ్డి పోయింది, గడ్డి మీద బతికే పశువుల కాపర్లకు దిక్కు తోచలేదు. కంచే చేను మేసిందని మనవాళ్లు సామెతగా అన్నదాన్ని అక్షరాలా చేసి చూపించిన చెట్టు ఇది. ఎందుకంటే చాలాచోట్ల దీన్ని తెచ్చిందే కంచె కోసం.

పేరు పెట్టడంలో ఒక్కొక్కరిది ఒక్కో తెలివి. హిందీవాళ్లు విలాయతీ బబూల్ అని ఇంగ్లండు మీదికి తోశారు. దానికీ ఇంగ్లండుకూ ఏ సంబంధమూ లేదు, దాని పుట్టిల్లు మెక్సికో, కరీబియన్ దీవుల వైపు. తమిళులు సీమై కరువేలం అన్నారు. కన్నడిగులు బళ్లారి జాలి అని నెపం బళ్లారి మీద వేసి చేతులు కడుక్కున్నారు. గుజరాతీలు గాండో బావళ్ అని చెట్టుకే పిచ్చి పట్టిందన్నారు. మనలోనూ సీమ తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ అనేవాళ్లున్నారు. నెల్లూరు, ప్రకాశం వైపు చిల్లకంప అంటారు. కానీ 'సర్కారు తుమ్మ' అన్నవాడు ఎవడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి. ముద్దాయిని పేరు పెట్టి పిలిచినవాడు వాడొక్కడే. విచారణ కమిషన్ లేదు, సాక్షుల వాంగ్మూలం లేదు, వాయిదాలు లేవు. రెండు ముక్కల్లో తీర్పు, అదీ పామరుడి నోట. అప్పీలుకు కూడా చోటివ్వలేదు.

ఈ తీర్పు సర్కారుకు నచ్చలేదని ఎలా తెలుసుకోవచ్చంటే, ఆఫీసులోకి అడుగుపెట్టగానే చెట్టు పేరు మారిపోతుంది. బయట రైతు నోట సర్కారు తుమ్మ. లోపల ఎస్టిమేటులో 'జులిఫ్లోరా'. 'జులిఫ్లోరా తొలగింపు పనులు' అని రాస్తే ఎవరో జూలీ అనే దొరసాని వదిలిపోయిన మొక్కలా వినబడుతుంది. 'సర్కారు తుమ్మ తొలగింపునకు సర్కారు నిధులు' అని రాసి సంతకం పెట్టే ధైర్యం ఏ ఇంజనీరుకుంటుంది? ఆడిట్‌వాడు ఆ వాక్యం దగ్గర ఆగి, సర్కారుదే అయితే సర్కారు ఎందుకు పెంచింది, పెంచితే ఎందుకు పీకుతోంది అని అడిగితే ఫైలు మళ్లీ కమలాపురం దాకా పోవాలి.

ఇక ప్రజల సంగతి. తిట్టడంలో మనం సర్కారుకు ఏమీ తీసిపోం, వాడుకోవడంలోనూ అంతే. మేకలు దీని ఆకు ముట్టవు, కాయ వదలవు. తియ్యటి కాయ తిని, గింజను చెక్కుచెదరకుండా పెంటికలో పెట్టి, ఎరువుతో సహా ఊరవతల చెలకలో డెలివరీ ఇస్తాయి. ఆ పెంటికలు మనమే బండ్లకెత్తి పొలంలో చల్లుకుంటాం. తర్వాత పొలంలో తుమ్మ మొలిచిందని రచ్చబండ మీద కూర్చుని సర్కారును తిడతాం. పచ్చికట్టె సైతం మండే గుణం దీనిది, అందుకే గ్యాసు బండ ధర పెరిగినప్పుడల్లా ఊరు దీని దగ్గరికే పోతుంది. గ్యాసు కనెక్షన్ ఇచ్చిన సర్కారు ఒకటి, కట్టెల మోపు ఇచ్చిన సర్కారు ఒకటి. రెండో దానికి ఆధార్ లింకు అక్కర్లేదు.

బొగ్గు కథ ఇంకా రుచిగా ఉంటుంది. తుమ్మ మొద్దులను బట్టీలో పేర్చి, మట్టి కప్పి, రోజుల తరబడి పొగ పెట్టి బొగ్గు చేస్తారు. చేసేవాళ్లు ఊపిరితిత్తులు కాల్చుకుంటారు. ఆ బొగ్గు సంచుల్లో నగరానికి చేరుతుంది. తందూరు పొయ్యిల్లో, కబాబు సీకుల కింద ఎర్రగా నవ్వుతుంది. వారాంతంలో మొయినాబాద్ చుట్టూ ఉన్న ఫాంహౌసుల్లో గ్రిల్లు వెలిగించి, వైల్డ్ వుడ్ స్మోక్ ఫ్లేవర్ అంటూ కళ్లు మూసుకుని పీల్చే దొరబాబుకు, తన గేటు బయట ఉన్నదీ, తన కోడి కింద ఉన్నదీ ఒకే జాతి అయి ఉండవచ్చని ఎవరూ చెప్పరు. ఆయన తోటమాలికి మాత్రం వాట్సాప్‌లో ఆర్డరు వేస్తాడు: బయట ఆ ముళ్ల చెట్లు అసహ్యంగా ఉన్నాయి, తీయించెయ్.

కెన్యాలో సంగతి మరీ ముదిరింది. 1980ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ అండతో బారింగో ప్రాంతంలో ఈ చెట్టును నాటారు. కొన్నేళ్లకు ఇల్‌చామస్ తెగ కాపర్లు సర్కారు మీద కోర్టుకెక్కారు. కాయల్లోని తీపికి పళ్లు ఊడిపోయిన మేకను సాక్ష్యంగా నైరోబీ హైకోర్టుకు వెంటబెట్టుకెళ్లారు. మేక నోరు తెరిచి చూపించింది, వాంగ్మూలం పూర్తయింది. మన దగ్గర సాక్షులు నోరు తెరవరు, తెరిచినా మర్నాడు మాట మారుస్తారు. ఆ లెక్కన ఆ మేకకు మన జిల్లా కోర్టుల్లో మంచి గిరాకీ ఉంటుంది.

తమిళనాడులోనూ కోర్టు వేడి తగిలింది. 2017లో మదురై బెంచి ఈ చెట్లను పీకించమని ఆదేశించగానే ఉత్సాహం ఎంత పెరిగిందంటే, అరియలూరు జిల్లాలో బెయిలు కావాలంటే వంద చెట్లు పీకి రావాలని షరతు పెట్టారు. నెలలు తిరక్కుండానే అదే హైకోర్టు, ముందు అధ్యయనం జరగనీ, ఆగండి అంది. పీకినవాళ్లకు బెయిలు దక్కింది, ఆగినవాళ్లకు చెట్టు దక్కింది.

తెలంగాణకు వచ్చేసరికి దీనికి ఒక కుటుంబ వ్యవహారం కూడా ఉంది. 2014లో కొత్త రాష్ట్రం జమ్మిని రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. జమ్మి ఎవరనుకుంటున్నారు? సర్కారు తుమ్మకు వరసకు అన్న. శాస్త్రజ్ఞుల లెక్కలో ఇద్దరిదీ మొన్నమొన్నటిదాకా ప్రోసోపిస్ అనే ఒకే ఇంటిపేరు. అన్నకు పండగ, పూజ, పాలపిట్ట పక్కన ఫొటో; తమ్ముడికి జేసీబీ. అన్న ఆకును దసరా నాడు బంగారమని చేతిలో పెట్టి కౌగిలించుకుంటాం. అన్న ఇప్పుడు ఎక్కడున్నాడో చాలా ఊళ్లలో వెతకాలి. ఊరూరా జమ్మి నాటాలని 2021లో ప్రత్యేకంగా ఒక ఉద్యమమే నడిపారంటే, రాష్ట్ర వృక్షానికి రాష్ట్రంలో నిలువ నీడ ఎంత కరువైందో తెలుస్తుంది. నగరంలో దసరా సాయంత్రం చేతులు మారే 'బంగారం'లో ఎంత జమ్మో, ఎంత తుమ్మో అని నాకో పాత అనుమానం. అప్పగించేవాడికీ పుచ్చుకునేవాడికీ తేడా తెలియనప్పుడు కౌగిలింత మాత్రం అసలుదే కాబట్టి వదిలేద్దాం.

2022లో వృక్షశాస్త్రజ్ఞులు ఈ ప్రోసోపిస్ ఇంటిని పంపకాలు చేశారు. పాత ఇంటిపేరు జమ్మికి ఉంచారు. మన తుమ్మను నెల్టుమా అనే కొత్త పేరుతో వేరింటికి పంపారు. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు తగాదాలు లేకుండా, ఢిల్లీలో పంచాయితీ పెట్టకుండా ముగిసిన విభజన తెలుగువాళ్లు తెలుసుకోవాల్సింది ఇదొక్కటే. తుమ్మ ఆ సంగతి పట్టించుకోలేదు. దానికి ఏ పేరుతో పిలిచినా పెరగడమే తెలుసు.

చేవెళ్ల ప్రాంతానికి చెట్ల రాజకీయం కొత్తది కాదు. 'తెలంగాణకు హరితహారం' మొదలైంది ఇక్కడికి దగ్గర్లోనే, 2015 జులై 3న చిలుకూరు బాలాజీ సన్నిధిలో. రాష్ట్రమంతా కలిపి 230 కోట్ల మొక్కలని, పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచుతామని చెప్పారు. వీసాల దేవుడి దగ్గర మొదలుపెట్టినందుకేమో, ఆ పథకంలోకి విదేశీ మొక్కలు కూడా సులువుగా ప్రవేశం సంపాదించుకున్నాయి. అలా వచ్చిన కోనోకార్పస్ రోడ్ల నడుమ డివైడర్ల మీద గుబురుగా నిలబడింది. ఏ ఎండకూ వాడకుండా పచ్చగా కనబడింది కాబట్టి అధికారుల గుండెలు పొంగాయి. తర్వాత దాని పుప్పొడి మీద, దాని వేళ్ల మీద ఫిర్యాదులు మొదలై, ఇక నర్సరీల్లో పెంచొద్దని సర్కారే చెప్పింది. 1877 నుంచి నేర్చుకున్నదేమిటంటే, ముందు నాటాలి, తర్వాత ఆలోచించాలి, ఆ పైన పీకడానికి విడిగా పద్దు పెట్టాలి.

ఆ పద్దు పాతదే. ఉపాధి హామీలో బీడు భూముల్లో తుమ్మ కొట్టించారు. మిషన్ కాకతీయలో చెరువు కట్టల మీద, పూడిన కాలువల్లో కొట్టించారు. మొదళ్లు పెకలించకుండా పైపైన కొడితే ఒక్కటి నాలుగై లేస్తుందని మేకలవ్వకు తెలుసు, కూలికి తెలుసు, మేస్త్రికి తెలుసు. మొదలు తీయడానికి ఖర్చెక్కువ. పైగా మొదలు తీస్తే వచ్చే ఏడు పని ఉండదు. నాటడానికో పథకం, నరకడానికో పథకం, నరికింది చిగిర్చాక మళ్లీ నరకడానికో పథకం. పంచవర్ష ప్రణాళికలు పోయాయని బాధపడేవాళ్లు తుమ్మ దగ్గరికి రావాలి. చెరువులో తుమ్మలకు పంచాయతీ వేలం కూడా పెడుతుంది. సర్కారు వారి పాట ఒకటోసారి, రెండోసారి అని అరుస్తుంటే, వస్తువు పేరులోనే సర్కారు ఉన్న వేలం పాట అదొక్కటే. పాడుకున్నవాడు లావు మొద్దులు పట్టుకుపోతాడు, కంప చెరువుకు వదిలేస్తాడు.

కనకమామిడి పరిసరాల్లో ఈ చెట్టుకు కొత్త ఉద్యోగం కూడా దొరికింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీటిని కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది, 84 గ్రామాలకు కట్టడాలపై కట్టడి పెట్టింది. కట్టడి ఉన్నప్పుడు ఫాంహౌసులు లేచాయి. 2022లో 69 జీవోతో సడలించాక ఆశలు లేచాయి. రెండు కాలాల్లోనూ కొన్న భూమి ఖాళీగా పడి ఉంది. ఖాళీ భూమికి కాపలా ఎవరు? తుమ్మ. పత్తి పోయింది, జొన్న పోయింది, కందిచేను పోయింది. ధర పెరిగేదాకా ముళ్లు పండుతున్నాయి. యజమాని ఏడాదికోసారి కారు దిగి, తన ప్లాటు ఏదో తుమ్మల మధ్య కనుక్కోలేక, వెంచర్ మనిషికి ఫోను చేస్తాడు. ఆ వెంచర్లకు పేర్లు చూడాలి: గ్రీన్ అనో, గ్రోవ్ అనో, ఆర్చర్డ్ అనో లేకుండా బోర్డు లేవదు. బోర్డు మీద ఖర్జూర చెట్టు బొమ్మ, బోర్డు కాళ్ల దగ్గర సర్కారు తుమ్మ.

ఇదే యజమాని, తుమ్మ భూగర్భ జలాన్ని తాగేస్తోందని సభల్లో బాధపడతాడు. గాలిలో తేమను కూడా పీల్చేస్తుందని వాట్సాప్‌లో వచ్చిన ముక్క ఒకటి పదిమందికి పంపుతాడు. దీని వేరు లోతుకు పోతుందన్నది అబద్ధం కాదు. దీని చుట్టం వేరు ఒకటి అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున దొరికింది. అంటే సుమారు 175 అడుగులు. ప్రపంచమంతా నోరెళ్లబెట్టిన ఆ లోతుకు మా మొయినాబాద్‌లో బోరు బండివాడు టీ తాగేలోపు దిగుతాడు. మిగతా ఎనిమిది వందల అడుగులు స్విమ్మింగ్ పూలు కోసం, లాను కోసం. లానులో గడ్డి కూడా పరాయిదే, దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ముల్లు లేని విదేశీయుడికి మర్యాదలు వేరు.

ఈ రోడ్డు మీదనే, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. బాటసారులకు నీడ కోసం పెంచినవి. రోడ్డు వెడల్పు కావాలన్నవాళ్లూ, మర్రి ఉండాలన్నవాళ్లూ ఏళ్ల తరబడి హరిత ట్రిబ్యునల్‌లో వాదించుకున్నారు. రోడ్డు మీద పోయిన ప్రాణాల గురించి నాకు వెటకారం రాదు, దారి కావాల్సిందే. నేను చెప్పేది లెక్క గురించి. మర్రికి కొలతలు, సర్వేలు, వాదోపవాదాలు, ఏది ఉంచాలి, ఏది తవ్వి ఇంకోచోట పెట్టాలి అని చెట్టు చెట్టుకూ చర్చ. ఆ మర్రి వెనక పది గజాల్లో ఎకరాలకెకరాలు నిండిన తుమ్మను ఎవరూ అడగరు, లెక్కపెట్టరు.

తొందరపడ్డాను. లెక్కపెడతారు, పైనుంచి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే రెండేళ్లకోసారి దేశంలో అడవి ఎంతో చెబుతుంది. దాని కొలబద్ద ప్రకారం హెక్టారుకు తక్కువ కాని నేల మీద పదోవంతు చెట్ల నీడ కమ్ముకుంటే అది అటవీ విస్తీర్ణమే. నేల ఎవరిదన్న ప్రశ్న లేదు, చెట్టు ఏ జాతిదన్న ప్రశ్న లేదు. ఉపగ్రహానికి ముల్లు గుచ్చుకోదు. అంటే కింద ఎస్టిమేటులో జులిఫ్లోరాగా తిట్లు తినే దిక్కులేని కంప, పైనుంచి చూస్తే రాష్ట్రం పచ్చదనంలో ఒక అంకె. నేల మీద నరకడానికి బిల్లు, ఆకాశంలో పెరిగినందుకు మార్కులు.

ఇంత దూరం వచ్చాక సిగ్గెందుకు? 230 కోట్ల మొక్కలకు గుంతలు తవ్వి, ట్యాంకర్లతో నీళ్లు మోసి, బతికినవీ చచ్చినవీ పంచాయతీ కార్యదర్శుల చేత లెక్కపెట్టించి, చచ్చినవాటికి వాళ్లకే మెమోలు ఇచ్చే గోల అంతా మానేద్దాం. సర్కారు తుమ్మను సర్కారు లాంఛనంగా దత్తత తీసుకోవాలి. బతికే శాతం నూటికి నూరు, కొన్నిచోట్ల నూటికి నాలుగు వందలు. 33 శాతం ఏం ఖర్మ, ఇంకెంతైనా చూపించొచ్చు. పేరు మార్చాలన్న సరదా ఎలాగూ ప్రతి సర్కారుకూ ఉంటుంది కాబట్టి ఒక అయిదేళ్లకు ఒక నాయకుడి పేరు, వచ్చే అయిదేళ్లకు ఇంకో నాయకుడి పేరు పెట్టుకోవచ్చు; ఊళ్లో మాత్రం ఎప్పటి పేరే పిలుస్తారు, దానికేం చేయలేం.

ప్రారంభోత్సవానికి కనకమామిడి కంటే మంచి చోటు లేదు. రోడ్డు పక్కనే ఉంది, నగరానికి దగ్గర, మీడియా బండ్లు భోజనం వేళకు వెనక్కి పోవచ్చు. గుంత అక్కర్లేదు, మొక్క అక్కర్లేదు, వెండి పార అక్కర్లేదు. ముఖ్య అతిథి వచ్చి ఇప్పటికే పెరిగి ఉన్న చెట్టు పక్కన నిలబడి ఫొటో దిగితే చాలు. పక్కన అంటే తెల్ల చొక్కాకు మూడడుగుల ఎడం ఉండాలి. వేదిక మీద మేకలవ్వకు ఒక కుర్చీ వేస్తే బాగుంటుంది, మైకు ఇవ్వకుండా చూసుకోవాలి. కాన్వాయ్‌లో ప్రతి బండికీ రెండేసి స్టెప్నీలు పెట్టుకోమని ప్రొటోకాల్ విభాగానికి ముందురోజే చెప్పి ఉంచడం మంచిది.